కాయల కాలం కాదు

నాలుగున్నరకి లేస్తాను.
పలాస స్టేషన్లో గూడ్సుబండి కూత పెట్టే వేళకి
పొయ్యి మీద గంజి, ఒళ్ళో బైబిలు.
రోజుకో అధ్యాయం. కరెంటు లేకపోతే ఫోను లైటు.
మా అత్త తబితమ్మకి అక్షరం రాదు.
గోడకానుకుని, కాళ్ళు చాపుకుని వింటుంది.
వంశావళి చదివినా వింటుంది,
ఆ పేర్లన్నిటికీ ఊఁ కొడుతుంది, మా వీధివాళ్ళయినట్టు.

ఇవాళ మార్కు పదకొండు.
ఆయనకి ఆకలేసింది.
దూరాన ఆకులతో ఒక అంజూరపు చెట్టు.
దగ్గరికెళ్తే ఆకులే.
కాయల కాలం కాదని అక్కడే రాసుంది.
ఆయన ఆ చెట్టునన్న మాటా అక్కడే రాసుంది.
మర్నాడు చూస్తే వేళ్ళతో సహా ఎండింది.

అత్త ఊఁ అనలేదు.
"మల్లా సదువు."
మళ్ళీ చదివాను.
"కాలం కాదని ఆయనకి తెల్దా ఏటి?"

కిందటేడు ఇదే చోట ఆగి పాస్టరు గారిని అడిగాను.
చెట్టంటే చెట్టు కాదమ్మా, గుర్తు, అన్నారు.
ఆకులు వేషం, కాయలు క్రియలు.
పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను.
కానీ నేను ఉద్దానంలో పుట్టినదాన్ని.
తిత్లీ రాత్రి మా నాన్న జీడితోటలో
ఒక్కో చెట్టూ కూలే చప్పుడు లెక్కపెట్టినదాన్ని.
తెల్లారేసరికి వేళ్ళన్నీ ఆకాశం వైపు.
చెట్టంటే నాకు చెట్టే.

కాసేపాగి అత్తే అంది:
"ఆకలేసినోడి నోరమ్మా అది.
ఆకలి మీద నాను కుండని తిట్టినాను, పొయ్యిని తిట్టినాను,
కడుపులో ఉన్న నీ మొగుణ్ణీ తిట్టినాను.
ఆకలేసిందని ముందే రాసినారు గందా."
కోర్టులో ఆయన తరఫున నిలబడ్డట్టు
కొంగు సర్దుకుంది.

నేను మాట్లాడలేదు.
నా నోట్లో నిన్నటి మాట ఉంది.

నిన్న కాశీబుగ్గలో, జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర
సలోమిని ఆపాను. మూడు వేలు. ఏడు నెలలు.
ఆకుపచ్చ చీర కట్టింది, మడతలు చెదరని కొత్తది.
"ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్ వొదినా,
సీర మా సెల్లిది" అంది.
నాకు చీర ఒక్కటే వినబడింది.
"నీ చెయ్యి పడిపోను" అన్నాను,
షిఫ్టు దిగేవాళ్ళంతా వింటుండగా.

చెట్టు దగ్గర వేలు పెట్టి కూచున్నాను.
ఆయనే అన్నాక నేనంటే ఏం, అనిపించింది.
అనిపించినందుకు సిగ్గేసింది, కానీ అనిపించింది.

"ఇంకా ఉందా?" అంది అత్త.
ఉంది. కొండ లేచి సముద్రంలో పడడం ఉంది.
అదంటే అత్తకి ఇష్టం.
మహేంద్రగిరి మందస మీదుగా నడిచెళ్ళి
బారువ కెరటాల్లో దూకినట్టు కళ్ళు మూసుకుంది.
దాని కిందే ఇంకో మాట:
నిలబడి ప్రార్థించేటప్పుడు
ఎవరి మీదైనా ఏమైనా ఉంటే వదిలెయ్యమని.
దీనికి పాస్టరు గారు అక్కర్లేదు.
మూడో తరగతి పిల్లకైనా అర్థమవుతుంది.
నా గొంతు అక్కడ పట్టేసింది.
గంజి పొంగుతోందని లేచిపోయాను.
గంజి పొంగలేదు.

ఏడింటికి బెంచీ మీద సలోమి నా పక్కనే.
మొహం చూడలేదు, చెయ్యి చూశాను ముందు.
ఆడుతోంది.
జీడి చమురుకి వేళ్ళ చివర్లు మాడి, తోలు లేచి,
అయినా గుండు విరక్కుండా తీస్తోంది పప్పు.
ఆముదం గిన్నె దాని వైపు జరిపాను.
చూసింది. ముంచలేదు.
మూడు వేలూ వద్దులే అని నేననలేదు.
ఆ మాట నోటిదాకా రాలేదు,
వచ్చిందని ఎందుకు రాయాలి?
మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నానన్నాను,
కట్టర్ల మోతలో, ఎంత వినబడిందో.

సాయంత్రం బైబిలు తీస్తే
పదకొండు దగ్గర నేను పెట్టిన టెక్కలి బస్సు టిక్కెట్టు.
అత్త పొద్దుట్నుంచీ అక్కడే ఉంది కాబోలు:
"ఆ సెట్టు మల్లా సిగురెట్టిందా ఏటి?"
"ఇక్కడ రాయలేదత్తా."
"రేపటి దాన్లో సూడు" అంది,
దీపం వైపు తిరిగి పడుకుంటూ.